డబ్బాలో దొర్లిన సూదంటురాయి

ముప్పై ఏళ్లు ముదిగొండ దగ్గరి ఒక హైస్కూల్లో నేను సైన్సు చెప్పాను. చూశారా, మొదటి వాక్యంలోనే అబద్ధం పడింది. సైన్సు చెప్పింది వేరేవాళ్లు. నేను ల్యాబు అటెండర్‌ని. గాజు గొట్టాలు కడిగాను, బీరువా తాళంచెవి మొలతాడుకు కట్టుకు తిరిగాను, మాస్టారు రాని రోజున మాత్రం పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఒక రాయి చూపించి కథలు చెప్పాను. ఈ వానాకాలం నేను చేసిన ప్రయాణం ఆ రాయిని దాని చోటికి చేర్చడానికే కనుక, ముందు రాయి సంగతి చెప్పాలి.

చిన్న వంకాయంత ఉంటుంది. నలుపు. చేతిలోకి తీసుకుంటే, చూపుకు అనుకున్నదానికంటే బరువు. సూది వెళ్లి అంటుకుంటుంది కాబట్టి సూదంటురాయి అన్నారు. కొట్లో దొరికే అయస్కాంతాన్ని మనిషి తయారు చేస్తాడు. ఇది భూమిలో పుట్టిన ఇనుప రాయి, ఎవరూ ఏమీ చేయకుండానే ఇనుమును లాగుతుంది. దారం కట్టి వేలాడదీస్తే కాసేపు ఊగి, ఒక కొన ఉత్తరానికి పెట్టి ఆగుతుంది. ఎన్నిసార్లు తిప్పి వదిలినా అటే. కొనకు ఒక సూది అంటిస్తే ఆ సూదికి ఇంకో సూది అంటుతుంది, దానికి మరొకటి. పదిహేను సూదులు గొలుసులా వేలాడతాయని పిల్లలకు చెప్పేవాణ్ణి. నేను చూసినవి ఐదు.

రాయి నడుము చుట్టూ సన్నటి గాడి ఉంది. అది పిడుగు పడిన గీత అని చెప్పేవాణ్ణి. భద్రాచలం అడవిలో గుట్ట మీద పిడుగు పడిన మర్నాడు, రాయి ఇంకా వెచ్చగా ఉండగానే, ఎలుగుబంటిని అదిలించి తెచ్చానని కూడా చెప్పేవాణ్ణి. ఎలుగుబంటిని నేను చూసింది సర్కసులో.

నిజానికి, నలభై ఏళ్ల కిందట ఎలక్షన్ డ్యూటీకి గోదావరి అవతల ఒక గుంపుకు వెళ్లాను. గుంపు అంటే అక్కడ పది పదిహేను ఇళ్ల పల్లె. అక్కడ కమ్మరి కొమరయ్య కొలిమిలో వాసానికి వేలాడుతుంటే చూసి, పిల్లలకు చూపించి నెల తిరక్కుండా పంపిస్తానని చెప్పి తెచ్చాను. పంపలేదు.

ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకంటే, మొన్న ఎండాకాలంలో ఖమ్మం దవాఖానాలో నా గుండెకు మిషను పెట్టారు. ఎడమ కాలర్ ఎముక కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెలో సగమంత. అయస్కాంతం మూరెడు దూరంలోకి వస్తే గుండె ఆగిపోతుందని డాక్టరు చెప్పినట్టు ఇంట్లో చెప్పాను. డాక్టరు అన్నది, ఆ పక్క జేబులో ఫోను పెట్టుకోవద్దు, అయస్కాంతాలు జానెడు ఎడంగా ఉంచండి అని మాత్రమే. కాస్త జాలి పడుతుందని పెంచి చెబితే మా ఆవిడ జాలి పడలేదు.

"ఆ రాయన్న ఉండాలె ఇంట్ల, నువ్వన్న ఉండాలె. రోజు పొద్దున నీ ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసుడు నాతోని గాదు" అంది.

అలా బయల్దేరాను.

ఖమ్మం: రోడ్డుకు అవతలి పక్క

బస్సెక్కే ముందు ఖమ్మంలో ఒక పని ఉంది. ఆ పని చెప్పాలంటే రెండో నిజం కూడా చెప్పాలి. రాయి చచ్చిపోయింది. చంపింది నేనే.

తెచ్చిన ఆరు నెలలకు ఒకరోజు స్కూల్లో సైన్సు మాస్టారికీ నాకూ మాటామాటా వచ్చింది. ఎర్రగా కాలిస్తే అయస్కాంతం శక్తి పోతుందని పుస్తకంలో ఉందన్నాడాయన. అది మనుషులు చేసిన వాటి సంగతి, ఇది పుట్టు రాయి, దీనికేం కాదు అన్నాను. ఇంటికొచ్చి బొగ్గుల కుంపట్లో పెట్టి, చెయ్యి నొప్పి పుట్టేదాకా విసిరాను. రాయి ఎర్ర జామపండు గుజ్జు రంగుకు వచ్చింది. చల్లారాక సూది పెడితే జారి పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. మాస్టారికి చెప్పలేదు. ఆ తర్వాత పిల్లలకు చూపించినప్పుడల్లా అరచేతిలో చిన్న అయస్కాంతం దాచి, దాని మీద రాయి పెట్టి చూపించాను. రాయిలోంచి దాని బలం పాకి సూదులు అంటుకునేవి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు.

చచ్చిన రాయిని కొమరయ్య చేతిలో ఎలా పెట్టడం? అందుకే స్పీకర్లు బాగుచేసే యాదగిరి కొట్టుకు వెళ్లాను. పెళ్లి బ్యాండు పెట్టెల్లో ఉండే పెద్ద అయస్కాంతం మీద ఒకే దిక్కుగా రుద్దితే రాయికి కొంత బలం తిరిగి వస్తుంది. కానీ అది చేసేంతసేపు నేను దగ్గర ఉండకూడదు. రాయి యాదగిరికి ఇచ్చి రోడ్డు దాటి చెప్పుల కొట్టు ముందు నిలబడ్డాను. వాన తుంపర పడుతోంది. మధ్యలో లారీలు, ఆటోలు.

"తాతా, ఎన్నిసార్లు రుద్దాలె?" అని అరిచాడు.

"వంద."

"యాభైకి యాభై రూపాయలు. వందకు వంద."

"యాభై చాలు."

పని అయ్యాక, "ఇగ రా" అన్నాడు.

"ముందు అయస్కాంతం లోపల పెట్టు."

"పెట్టిన. నీ గుండె పదిలం. గీ రోడ్డు దాటేటప్పుడు పోకు."

రాయి రెండు సూదులు పట్టింది. యాదగిరి దాన్ని తిప్పి తిప్పి చూసి, "స్పీకర్లకు చూసిన, మైకులకు చూసిన. రాయికి చార్జింగ్ పెట్టినోణ్ణి నేనొక్కణ్ణే" అన్నాడు. పాత బిస్కెట్ల రేకు డబ్బాలో పెడితే రాయి అడుగుకు పట్టుకుని కూర్చుంది. మెల్లగా ఊపితే చప్పుడు రాలేదు. నేను అనుకున్నది ఇంతే: కొమరయ్య ఉంటే కొమరయ్య చేతిలో, లేకపోతే వాళ్లవాళ్ల చేతిలో పెట్టి, నాకు లాగే దీనికీ వయసొచ్చింది, కొంచెం నీరసపడింది అని చెప్పి వచ్చేద్దామని. నీరసపడింది అన్న మాటను దారిలో చాలాసార్లు చెప్పుకుని చూసుకున్నాను. బాగానే వచ్చింది.

ఏన్కూరు దాటాక

వైరా, తల్లాడ దాటేసరికి వాన గట్టిపడింది. ఏన్కూరులో బస్సు పది నిమిషాలు ఆగింది. పది రూపాయల టీ, పదిహేను రూపాయలకు రెండు మిరపకాయ బజ్జీలు. మా వైపు బజ్జీలో వాము పెడతారు, ఇక్కడ చింతపండు పెట్టారు. నోరు ఊరింది కానీ బయటికి చూస్తే ఆకలి పోయింది. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలల్లో నీళ్లు నిలిచి, ఆకులు ఎర్రబారి ఉన్నాయి.

అక్కడ నా పక్క సీట్లోకి మంగమ్మ అనే ఆవిడ వచ్చి కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. పాల్వంచలో చెల్లెలికి జ్వరమని వెళ్తోంది. కండక్టరు ఆమెకు డబ్బుల్లేని టికెట్టు ఇచ్చి, నా దగ్గర డబ్బులు తీసుకున్నాడు. "మగోనిగ పుట్టినందుకు కట్టు" అంది ఆవిడ, అప్పటికి పరిచయం కూడా లేదు.

"మీ చేను ఎట్లుంది?" అని అడిగాను.

"ఏ చేను? రెండుసార్లు విత్తనం పెట్టిన, రెండుసార్లు మురిగింది. మూడోసారి పెట్టనని మొక్కుకున్న." కాసేపు కిటికీలోంచి చూసి నా ఒళ్లోకి చూసింది. "ఏంది పెద్దాయనా, డబ్బను కుడిపక్క ఒరగబెట్టుకున్నవు, సంటిపిల్లను పట్టుకున్నట్టు?"

"వజ్రం" అన్నాను.

"వజ్రమున్నోడివి ఎర్రబస్సుల ఎందుకొస్తవు?"

ఇంక చూపించక తప్పలేదు. జాకెట్టుకు పెట్టుకున్న పిన్నీసు తీసి రాయికి ఆనించింది. అంటుకుంది. వేలితో పీకి మళ్లీ ఆనించింది. ఆమె మొహంలో ఆ బడి పిల్లల మొహాలే కనిపించాయి. నాకు ఉత్సాహం వచ్చి పిడుగు కథ మొదలుపెట్టాను. ఎలుగుబంటి దగ్గరికి వచ్చేసరికి ఆపింది.

"ఒక్క పిన్నీసు పట్టినందుకే ఇంత మురుస్తున్నవు. రెండు పడితే ఇంగ పులిని తెస్తవు."

జూలూరుపాడు దగ్గర బస్సు గతుకులో పడింది. అప్పటికే డబ్బాను పైన సామాన్ల పలక మీద పెట్టి ఉన్నాను. అది జారి, సీటు కమ్మీకి తగిలి, కింద పడి, మూత ఊడి, రాయి డ్రైవరు దాకా దొర్లింది. నెత్తి పగిలి రక్తం కారిందని ఇంటికి ఫోను చేశాను. తగిలింది మోచేతికి, అదీ చిన్న దెబ్బ. తగలాల్సిన దెబ్బ రాయికే తగిలింది. మంగమ్మ తెచ్చి ఇస్తూ పిన్నీసు ఆనించింది. పిన్నీసు క్షణం ఆగి పడిపోయింది.

"నీ వజ్రం నిద్రపోయింది" అంది. ఎగతాళిగా అనలేదు, పాపమన్నట్టు అంది.

పుట్టు బలం నిప్పుకు పోయింది, యాదగిరి పెట్టిన బలం గతుకుకు పోయింది. అయస్కాంతాన్ని కిందపడేసినా, సుత్తితో కొట్టినా బలం తగ్గుతుందని మాస్టారు చెబుతుంటే ల్యాబు కిటికీ దగ్గర నిలబడి ఎన్నిసార్లు విన్నానో.

భద్రాచలం: మెట్ల మీద నల్ల ఇసుక

వంతెన మీదికి వచ్చేసరికి సాయంత్రం. గోదావరి మూడు రోజుల కిందట పొంగి, తగ్గుముఖం పట్టింది. నీళ్లు ఎర్రటి బురద రంగు, చెట్ల మొండేలు తేలిపోతున్నాయి. బస్సులో అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను, డబ్బా మోకాళ్ల మధ్య పెట్టుకుని.

సత్రంలో గది దొరికింది. గోడకు నీళ్లు ఊరి సున్నం పొరలుగా లేస్తోంది. మా ఊళ్లో పది రూపాయల టీ ఇక్కడ పదిహేను. మర్నాడు పొద్దున్నే స్వామి దర్శనం చేసుకున్నానని రాస్తే మీరు నమ్ముతారు. చేసుకోలేదు. మెట్ల దాకా వెళ్లి, చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుని వచ్చాను. చేతిలో డబ్బా పట్టుకుని దేవుడి ముందు నిలబడటానికి మొహం చెల్లలేదు.

నది దగ్గరికి వెళ్లాను. వరద తీసిన చోట స్నానాల మెట్ల నిండా ఒండ్రు. ఇద్దరు ఆడవాళ్లు పారలతో తోసి, గొట్టంతో కడుగుతున్నారు. నీళ్లు పారిన దారిలో ఇసుక రెండు రంగులుగా విడిపోయి ఉంది: కింద తెల్లది, పైన సన్నటి నల్ల చార. ఆ నల్లదీ ఇనుప రాయి పొడే, ఎక్కడెక్కడి గుట్టలో అరిగి కొట్టుకొచ్చినది. బతికున్న సూదంటురాయిని అందులో పెట్టి తీస్తే కొనలకు గడ్డంలా నిలబడి వస్తుంది. నేను కూర్చుని నా రాయిని ఆ చార మీద దొర్లించాను. ఒక కొనకు నాలుగు రేణువులు అంటుకున్నాయి. మూడే. నాలుగోది తడికి అంటుకుంది, ఆరాక రాలిపోయింది.

పార పట్టుకున్న ఆవిడ వచ్చి చూసింది. "పిండం పెడుతున్నవా తాతా? ఆడ పంతులు ఉంటడు."

"లేదమ్మా. రాయి కడుగుతున్న."

"కడిగితే తెల్లగైతదా?" అని వెళ్లిపోయింది.

ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. తిరిగి వెళ్లే బస్సు ఎదురుగా కనిపిస్తోంది. రాయి కాస్తో కూస్తో పనిచేస్తే ఇచ్చేసి రావచ్చు. పనిచేయకపోతే కొమరయ్యకు నిజం చెప్పాలి. ఇంకో దారి కూడా ఉంది, రాయిని గోదాట్లో వేసి, ఇచ్చి వచ్చానని ఇంట్లో చెప్పడం. మీరు నన్ను ఇంతదాకా చదివారు కదా, ఆ మూడో దారి దగ్గర నేను ఎంతసేపు ఆగానో మీకే తెలుస్తుంది.

గుంపు దారి

చివరికి డబ్బా సంచిలో వేసుకుని లేచాను. చర్ల రోడ్డున వెళ్లే ఆటో దొరికింది. నడిపేవాడు ఎర్రయ్య, నలభై ఏళ్లవాడు. ఎక్కినవాళ్లతో కోయ భాషలో మాట్లాడుతూ, నాతో మాట్లాడాల్సినప్పుడు తెలుగులోకి దిగేవాడు. వెదురు కొమ్ముల మూటలు, రెండు కోళ్లు, నేను. వానాకాలం లేత వెదురు కొమ్ముల్ని కూర వండుకుంటారు. మనం తోటకూర కొన్నంత మామూలుగా ఇక్కడ కట్టలు కట్టి అమ్ముతారు.

కొమరయ్య ఉన్నాడా అని భయపడుతూ అడిగాను.

"ఏ కొమరయ్య? కండ్లు లేని కమ్మరాయనా? ఉన్నడు" అన్నాడు ఎర్రయ్య.

కండ్లు లేని అన్న మాట దగ్గర నా చెవి ఆగింది. ఇంకేమీ అడగలేదు.

మధ్యలో పోలీసులు ఆపారు. తుపాకులు ఎక్కుపెట్టి చుట్టుముట్టారు. సరే, ఒక్కడే ఉన్నాడు, తుపాకి భుజానికే ఉంది, పల్లీలు తింటున్నాడు. చేతిలోని కర్రలాంటి పరికరాన్ని నా మీద ఆడిస్తే ఎడమ భుజం దగ్గర కూత పెట్టింది. చొక్కా గుండీ విప్పి కుట్టు చూపించాను. డబ్బా దగ్గరా కూసింది.

"ఏముంది?"

"రాయి సార్."

మూత తీసి చూశాడు. అడవిలోకి రాయిని మోసుకుపోతున్నవాణ్ణి అతను అదే మొదటిసారి చూసి ఉంటాడు. "ఆడ లేవా?" అన్నాడు. నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

ఆటో రోడ్డు మీదే ఆగింది. గంటలో వస్తానన్నాడు ఎర్రయ్య. అక్కడి నుంచి మూడు వాగులు దాటి ఆరు కిలోమీటర్లు నడిచాను అని డైరీలో రాసుకున్నాను. ఒక వాగు, పాదం మునిగేంత. కిలోమీటరు కూడా లేదు. కానీ డబ్బాలో రాయి అడుగడుక్కీ అటూ ఇటూ దొర్లుతుంటే ఆరు కిలోమీటర్లంత అయింది.

కొలిమి

కొలిమి పాక తాటాకు సగం జారిపోయింది. తోలు తిత్తి ఎండి, ముడుచుకుని ఉంది. ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద ప్లాస్టిక్ గోనె కప్పి ఉంది. పక్కనే నులక మంచం మీద కూర్చుని కొమరయ్య గాజుపెంకుతో గొడ్డలి కర్ర గీకుతున్నాడు. ఒక కన్ను పూర్తిగా తెలుపు. రెండో కన్ను నన్ను దాటి ఎక్కడో చూస్తోంది. వేళ్లు మాత్రం కర్ర మీద గరుకు ఎక్కడుందో అక్కడికే వెళ్తున్నాయి.

"ఎవరు?" అన్నాడు.

లోపల్నుంచి ఆయన భార్య సమ్మక్క చెంబు పట్టుకుని వచ్చింది. "ఎవరో పెద్దాయన. చెప్పులు బురదలనే విడిచిండు."

"ఎలక్షన్ డ్యూటీకి వచ్చిన, కొమరయ్యన్నా. చానా ఏండ్ల కింద. నీ రాయి..."

గాజుపెంకు ఆగింది. "రాయి సారువా?"

నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో నా పేరు అదేనట.

సమ్మక్క నీళ్లిచ్చింది. మా వైపు తిన్నారా అని మూడుసార్లు అడిగి, మూడోసారికి వడ్డిస్తాం. ఇక్కడ అడగలేదు. దొడ్డు బియ్యం అన్నం, వెదురు కొమ్ముల కూర కంచంలో పెట్టుకొచ్చి నా ముందు పెట్టింది. వెగటుగా, చివర్లో కొంచెం చేదుగా ఉంది. మొత్తం తిన్నాను. తింటున్నంతసేపు మాట్లాడక్కర్లేదు కదా.

చెయ్యి కడుక్కుని సంచిలోంచి డబ్బా తీశాను. లోపల రాయి ఈ కొస నుంచి ఆ కొసకు దొర్లింది.

కొమరయ్య తల పక్కకు వంచాడు. "ఏం డబ్బ అది?"

"బిస్కెట్ల డబ్బా."

"ప్లాస్టికా?"

"రేకు."

గొడ్డలి కర్ర పక్కన పెట్టాడు. "ఇనుప రేకుల నా రాయి దొర్లదు సారూ. పట్టుకుంటది."

నేను దారంతా తయారు చేసుకున్న మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "వయసైంది గద అన్నా. నా తీరుగనే నీరసపడ్డది."

"రాయికి వయసేంది? మా తాత నాటిది అది. ఇటియ్యి."

ఇచ్చాను. బొటనవేలు నేరుగా నడుము గాడిలోకి వెళ్లింది. అటూ ఇటూ నడిపాడు. "దారం గాడి" అన్నాడు సమ్మక్కతో. "అట్లనే ఉన్నది."

"దారమా?" అన్నాను.

"మరేమనుకున్నవు? మా తాత, మా నాయిన, నేను. ముగ్గురం కట్టిన దారం అరగదీసింది." తల పైకెత్తి, కనపడకపోయినా వాసం వైపు చూపించాడు. అక్కడ ఇనుప కొక్కెం ఇంకా ఉంది. "కొడవలి కాల్చి నీళ్లల్ల ముంచాలె గద. తక్కువ కాలితే వంగుతది, ఎక్కువ కాలితే ఇరుగుతది. గా నడిమధ్య ఎట్ల తెలవాలె? కాల్చిన కొడవలిని రాయికి రెండు వేళ్ల ఎడంల పెట్టేది. ఇంకా కాలాల్సి ఉంటే రాయి కొడవలి మీదికి ఉరుకుతది. సరిపోయిందనుకో, మొఖం తిప్పుకుంటది. తిప్పుకున్నదా, ముంచు. అంతే."

ఆనాడు ఆ పాకలో వాసానికి వేలాడుతున్న నల్ల రాయిని చూసి నేను ఏమనుకున్నానంటే, మనం గుమ్మానికి గుమ్మడికాయ కడతాం చూడండి, అలా దిష్టికి కట్టినదనుకున్నాను. ముప్పై ఏళ్లు ల్యాబులో తిరిగినవాణ్ణి.

"నేను దిష్టి రాయనుకున్న" అన్నాను.

"అవ్. అప్పుడు గదే అన్నవు. 'దిష్టికి ఇంకో రాయి కట్టుకో కొమరయ్యా, గుంపు నిండ రాళ్లే' అన్నవు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన."

"ఎందుకు చెప్పలే మరి?"

"జీపుల వచ్చిండ్రు మీరు. పోలీసోళ్లు పక్కన నిలబడ్డరు. నీకు నేనేం చెప్త?"

వాన మళ్లీ మొదలైంది. తాటాకు జారిన చోటి నుంచి దాగలి మీది గోనె మీద చుక్కలు పడుతున్నాయి.

"రాయి లేకుంటే ఎట్ల చేసినవు?"

"కండ్లతోని. నిప్పుల కొడవలి రంగు చూసుకుంట. తెలిసినన్ని దినాలు తెలిసింది."

సమ్మక్క కంచం తీస్తూ అంది. "పొద్దుందాక పొయ్యిల మొఖం పెట్టి కూసునేటోడు. వద్దంటే ఇనలే. ముందు కొడవళ్లు ఇరిగినయ్, సంతల పేరు పోయింది. తర్వాత కండ్లు పోయినయ్. దవాఖానల ఒక కన్ను కోసిండ్రు. ఆలస్యమైందన్నరు."

నిష్ఠూరంగా చెప్పలేదు. వరద ఎంతదాకా వచ్చిందో చెప్పినట్టు చెప్పింది.

అప్పుడు కొమరయ్య అడిగాడు. "నువ్వు పోయిన ఏడాదికి ఒక కార్డు రాయించిన సారూ, ఆశ్రమ బడి పంతులుతోని. అందిందా?"

అందలేదు అనడం ఎంత సులువో చూడండి. అడవి, వానలు, పోస్టు. ఎవరైనా నమ్ముతారు. నమ్మితే ఆయనకూ సుఖమే. నా నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది కూడా.

"అందింది" అన్నాను.

ఇక ఆగలేదు. కార్డులో ఏముందో నాకు ఇప్పటికీ గుర్తుంది: రాయితో పని అయితే పంపగలరు, ఇక్కడ కొడవళ్లు సరిగా రావడం లేదు. రాయి పోతే కొడవళ్లకు దిష్టి తగిలిందట అని ఆ కార్డును స్టాఫ్ రూములో పైకి చదివాను. అందరం నవ్వుకున్నాం. అప్పటికే రాయిని కాల్చి ఉన్నాను కాబట్టి నేను మిగతావాళ్లకంటే గట్టిగా నవ్వాను. ఇదంతా చెప్పాను. కుంపటి, అరచేతిలో అయస్కాంతం, యాదగిరి, గతుకు, అన్నీ. నేను సారును కూడా కాదు, అటెండర్‌ని అని కూడా చెప్పాను.

"గది మాకెరుకే" అంది సమ్మక్క. "ఓట్ల డబ్బ నువ్వే మోసినవు గద. జీపుల వచ్చినోళ్లంత మాకు సార్లే."

కొమరయ్య మాత్రం మొహం అటు తిప్పుకున్నాడు. వాన వైపు.

అటు తిరిగే అడిగాడు. "ఎర్రగ కాల్చినవా?"

"కాల్చిన."

"ఎందుకు?"

"పుస్తకంల రాసింది నిజమా కాదా అని."

"నిజమేనా?"

"నిజమే అన్నా."

"నన్నడిగితే చెప్పకపోదునా" అన్నాడు. "ఎర్రగ కాలితే కొడవలి రాయిని మర్సిపోతది. రాయి గూడ ఇనుమే గద. దినాం నేను చూసిందే." కాసేపు రాయిని ఒళ్లో అలాగే పెట్టుకున్నాడు. "సమ్మక్కా, దారం తే."

"ఇప్పుడేం చేస్తవు దాన్ని?"

"కట్టిపిద్దాం. దిష్టికి. ఈయన ఎప్పుడో చెప్పిండు. మనమే ఇనలే."

సమ్మక్కకు కొక్కెం అందదు. నేనే మంచమెక్కి కట్టాల్సి వచ్చింది. గాడిలో దారం దానంతటదే కూర్చుంది. ముడి వేస్తున్నప్పుడు రాయి నా ఎడమ భుజానికి, మిషను ఉన్న చోటికి, ఆనింది. జానెడు కాదు, వేలెడు కూడా లేదు. గుండె తన పాటికి తాను కొట్టుకుంటూనే ఉంది. కొంచెమైనా తడబడి ఉంటే బాగుండేదనిపించింది.

దిగి చూశాను. రాయి ఊగుతోంది. రోడ్డు మీది నుంచి ఎర్రయ్య హారన్ కొట్టాడు. ఆగాక పోదామని నిలబడ్డాను. కొమరయ్య తల పైకెత్తి, "ఆగిందా?" అని అడిగాడు. "ఎటు ఆగింది?"

ఊగి ఊగి ఉత్తరానికి తిరిగి ఆగిందని ఇంటికి వచ్చాక మా ఆవిడకు చెప్పాను. ఇక్కడా అదే రాసి, కొట్టేశాను. ఎర్రయ్య మళ్లీ హారన్ కొట్టాడు. నేను చూసినంతసేపూ అది వానగాలి ఎటు తోస్తే అటు తిరుగుతూనే ఉంది, కొమరయ్యకూ అదే చెప్పి వచ్చాను.